ఇంటి స్విమ్మింగ్ పూల్ కంచె: మెల్‌బోర్న్‌లో ఇన్‌స్పెక్టరు రాకముందే మీరే తనిఖీ చేసుకోవడం ఎలా

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో మన తెలుగువారు ఎవరైనా పూల్ ఉన్న ఇల్లు కొన్నారంటే, గృహప్రవేశం అయిన వారంలోపే నాకు ఒక ఫోన్ వస్తుంది. ప్రశ్న ప్రతిసారీ ఒకటే: "కంచె ఉంది, గేటు ఉంది, ఇంకా చూడాల్సింది ఏముందండీ?" నేను ఇల్లు కొన్నప్పుడు నాదీ ఇదే ధీమా. మొదటి తనిఖీలో ఇన్‌స్పెక్టరు కంచె ఎత్తు కొలిచి తల ఊపారు, ఊచల మధ్య సందు కొలిచి తల ఊపారు, ఆ తరువాత కంచెకు రెండడుగుల దూరంలో మా ఆవిడ ముచ్చటపడి పెట్టుకున్న తులసి కుండీ దగ్గర ఆగిపోయారు. సిమెంటు కుండీ మీద కాలు పెడితే మూడేళ్ళ పిల్లవాడు కంచె పైకమ్మీ అందుకోగలడు. ఒక్క కుండీ వల్ల కంచె మొత్తం లెక్కకు రాకుండా పోయింది.

అడిగిన ప్రతివారికీ ఫోనులో చెప్పేకంటే ఒకసారి వివరంగా రాసి పెట్టడం మేలనిపించింది. ఇక్కడి కొలతలు ఆస్ట్రేలియా ప్రమాణం ఏఎస్ 1926.1, 2012 కూర్పులోనివి. పద్ధతులు విక్టోరియా రాష్ట్రానివి. సిడ్నీ, బ్రిస్బేన్‌లలో ఉన్నవారికి వర్తించే తేడాలను చివరలో విడిగా రాశాను.

ఎవరికి వర్తిస్తుంది

300 మిల్లీమీటర్లకు మించి, అంటే సుమారు అడుగుకు మించి, నీళ్ళు నిలవగల ఏ పూల్‌కైనా, స్పాకైనా కంచె తప్పనిసరి. ఇక్కడ గమనించవలసిన మాట "నిలవగల" అన్నది. మీరు సగమే నింపుతున్నారా, చలికాలమంతా ఖాళీగా ఉంచుతున్నారా అన్నది లెక్కలోకి రాదు. వేసవిలో పిల్లల కోసం కొనే గాలి ఊదే పెద్ద పూల్ కూడా ఆ లోతు దాటితే ఇందులోకే వస్తుంది. పెట్టె మీద లోతు రాసి ఉంటుంది కాబట్టి కొనేముందే చూడండి. చిన్నపిల్లలు జలకాలాడే చిన్న తొట్టికి కంచె అక్కర్లేదు కానీ, ఆట అయిపోగానే నీళ్ళు పారబోసి తొట్టిని బోర్లించి పెట్టండి.

కావలసినవి

- కనీసం మూడు మీటర్ల కొలత టేపు.
- సరిగ్గా 900 మిల్లీమీటర్లకు కత్తిరించిన, సాగని పురికొస. దీనికి ఒక చివర ముడి వేసి పెట్టుకోండి. తనిఖీలో అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చేది ఇదే.
- 100 మిల్లీమీటర్ల వెడల్పున్న చెక్కముక్క లేదా అదే కొలతకు కత్తిరించిన మందపాటి అట్ట.
- రసమట్టం, అదే స్పిరిట్ లెవెల్.
- చదునుమొన స్క్రూడ్రైవరు, గడియకు, బందులకు వేసే సిలికాన్ స్ప్రే.
- తెల్లకాగితం, పెన్సిలు, ఫోన్ కెమెరా.
- గేటు లాగడానికి, ఫొటోలు తీయడానికి మరొక మనిషి. ఇంట్లో నాలుగైదేళ్ళ పిల్లలు ఉంటే ఆ సమయంలో వారిని లోపలే ఉంచండి. కంచె ఎక్కడం ఎలాగో వారి కళ్ళముందే చర్చించడం మంచిది కాదు.

1. మీ పూల్ ఏ కాలానిదో ముందుగా తెలుసుకోండి

విక్టోరియాలో అన్ని పూల్స్‌కూ ఒకే నిబంధన లేదు. 1991 ఏప్రిల్ 8కి ముందు కట్టినవి ఒక తరగతి, ఆ తేదీ నుంచి 2010 ఏప్రిల్ 30 వరకు కట్టినవి రెండవ తరగతి, 2010 మే 1 నుంచి కట్టినవి మూడవ తరగతి. పాతవాటికి కొన్ని సడలింపులు ఉన్నాయి. ముఖ్యంగా ఇంటి తలుపు తీసి నేరుగా పూల్ దగ్గరకు వెళ్ళే వీలు, కొన్ని షరతుల మీద, పాత తరగతులకే ఉంది. మూడవ తరగతిలో ఆరుబయటి పూల్‌కు ఆ వీలు లేదు.

పూల్‌ను స్థానిక కౌన్సిల్ వద్ద నమోదు చేయించడం యజమాని బాధ్యత. 2019 డిసెంబరు 1న అమలులోకి వచ్చిన ఈ నిబంధన ప్రకారం, అప్పటికే ఉన్న పూల్స్‌కు 2020 నవంబరు 1 గడువుగా పెట్టారు. మీరు కొన్న ఇంటి పూల్ నమోదై ఉందో లేదో కౌన్సిల్‌కు ఫోన్ చేసి కనుక్కోండి. నమోదు అయిన తరువాత పూల్ కట్టిన తేదీ, దానికి వర్తించే ప్రమాణం, సర్టిఫికెట్ దాఖలు చేయవలసిన గడువు తెలుపుతూ కౌన్సిల్ ఒక ఉత్తరం పంపుతుంది. ఆ ఉత్తరం చేతికి రాకముందు డబ్బు పెట్టి కంచె మార్చకండి. పాత ప్రమాణానికి సరిపోయే కంచెను కొత్త ప్రమాణం పేరుతో పీకించి, వేల డాలర్లు వదిలించుకున్నవారిని చూశాను.

ఈ కింది కొలతలన్నీ మూడవ తరగతివి. మీ పూల్ పాతదైనా ఇవే కొలతలకు తూగితే మరీ మంచిది. తూగని చోట మాత్రం ఉత్తరంలో ఉన్న ప్రమాణాన్ని బట్టి నడుచుకోండి.

2. కాగితం మీద పటం గీయండి

పూల్ చుట్టూ నాలుగు వైపులా ఏమేమి ఉన్నాయో గీసి, ఒక్కొక్క వైపూ అడ్డుగా నిలుస్తున్నది ఏమిటో రాయండి. ఒక వైపు ఊచల కంచె, మరొక వైపు అద్దపు పలకలు, వెనుక పక్కింటివారితో ఉమ్మడి చెక్క పలకల కంచె, నాలుగవ వైపు మీ ఇంటి గోడ ఉండవచ్చు. ఒక్కొక్క దానికి ఒక్కొక్క లెక్క ఉంటుంది. మనవారు పొరబడేది ఎక్కువగా ఇక్కడే: కనిపించే కంచె ఒక్కటే కంచె అనుకుంటారు. ఇంటి గోడ పూల్‌కు అడ్డుగా ఉన్నప్పుడు ఆ గోడలోని కిటికీ కూడా కంచెలో భాగమే.

3. ఎత్తు కొలవండి

కంచె కనీస ఎత్తు 1200 మిల్లీమీటర్లు. కొలవవలసింది బయటివైపు, పిల్లలు నిలబడే వైపు, అలంకరణ అంతా పూర్తయిన తరువాతి నేల మట్టం నుంచి. ఒక్క చోట కొలిచి ఊరుకోకండి. మీటరుకు ఒకసారి టేపు పెట్టండి, నేల వాలుగా ఉన్న చోట ఇంకా దగ్గర దగ్గరగా పెట్టండి.

కంచె వేసిన రోజున 1200 ఉన్నది తరువాత తగ్గడం చాలా మామూలు. కంచె మొదట్లో చెక్కపొట్టు పోస్తారు, కృత్రిమ గడ్డి పరుస్తారు, పలకరాళ్ళు వేస్తారు. నేల 50 మిల్లీమీటర్లు లేచిందంటే కంచె 50 మిల్లీమీటర్లు కుంగినట్టే. కొత్త కంచె వేయించేవారు 1200కు సరిగ్గా కాకుండా 1250, 1300 వేయించుకోవడం తెలివైన పని. ఖర్చులో పెద్ద తేడా ఉండదు.

4. సందులు కొలవండి

100 మిల్లీమీటర్ల చెక్కముక్కను తీసుకుని నిలువు ఊచల మధ్య దూర్చి చూడండి. ముక్క వదులుగా దూరిపోతే ఆ సందు పనికిరాదు. అద్దపు పలకల మధ్య, పలకకూ గోడకూ మధ్య, కంచె అడుగున, గేటు అడుగున కూడా ఇదే పరిమితి. ఊచలు పలచని అల్యూమినియమైతే రెండింటినీ చేతులతో కాస్త విడదీసి మళ్ళీ కొలవండి. పిల్లలు తల దూర్చేటప్పుడు మర్యాదగా దూర్చరు.

అడుగున ఉన్న సందు విషయంలో వాన నీరు మట్టిని కోసుకుపోవడం, కుక్క గోకడం అనే రెండు కారణాలను దృష్టిలో పెట్టుకోండి. వదులు మట్టితో పూడ్చితే నెలలో మళ్ళీ మొదటికొస్తుంది. అక్కడ సన్నని కాంక్రీటు పట్టీ పోయించండి లేదా పలకరాయి బిగించండి.

అడ్డకడ్డీల సంగతి వేరు. బయటివైపు నుంచి కాలు పెట్టుకోవడానికి వీలున్న రెండు అడ్డకడ్డీల మధ్య దూరం 900 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. మధ్యలో మూడో కడ్డీ ఉంటే అది నిచ్చెన కిందే లెక్క. మెష్ కంచె అయితే 1200 ఎత్తుకు కన్నం 13 మిల్లీమీటర్లు దాటకూడదు. బొటనవేలు పట్టే కన్నమంటే మెట్టు అని గుర్తుంచుకోండి. అద్దపు కంచెలో ప్రతి పలక మూలనా టఫెన్డ్ సేఫ్టీ గ్లాస్ ముద్ర ఉందో లేదో చూడండి. ముద్ర లేని పలకను ఇన్‌స్పెక్టరు ఒప్పుకునే అవకాశం తక్కువ.

5. పురికొసతో 900 హద్దు చూడండి

నమ్మకంగా వేయించిన కంచెలు కూడా తప్పేది ఈ మెట్టు దగ్గరే. అందుకే దీనికి ఎక్కువ సమయం ఇవ్వండి.

పురికొస ముడిని కంచె పై అంచు మీద బొటనవేలితో అదిమిపట్టి, రెండో కొసను బయటివైపుకు బిగువుగా చాపండి. అక్కడి నుంచి కిందికి, కంచెను ఆనేదాకా, పావు వృత్తంలా తిప్పండి. ఆ పావు వృత్తంలోకి వచ్చే ఏ వస్తువైనా, 10 మిల్లీమీటర్లకు మించి బయటికి పొడుచుకొచ్చిన ఏ అంచైనా, కాలు మోపడానికో చేత్తో పట్టుకోవడానికో పనికొస్తే అది ఉండకూడదు. ఇక్కడివారు దీన్ని నాన్ క్లైంబబుల్ జోన్ అంటారు. కంచె పొడవునా అడుగడుగుకూ కొసను తిప్పుకుంటూ వెళ్ళండి.

దొరికేవి సాధారణంగా ఇవి: కరివేపాకు కుండీ, తులసి కోట, ప్లాస్టిక్ కుర్చీ, బార్బెక్యూ బండి, చెత్త డబ్బా, తోట కుళాయి, ట్రాంపొలిన్, పిల్లల సైకిలు, కంచెకు దగ్గరగా పెరిగిన నిమ్మచెట్టు కొమ్మ. పూల్ పంపు, ఫిల్టరు డబ్బా కంచెకు ఆనుకుని బయటివైపు ఉండటం కూడా తరచుగా చూస్తాం. పూల్ వేసిన మేస్త్రీ ఒకరు, కంచె వేసిన మేస్త్రీ మరొకరు, ఇద్దరికీ ఒకరి పని ఒకరికి పట్టదు.

"కుర్చీ కదిలే వస్తువే కదా, ఇన్‌స్పెక్టరు వచ్చేనాటికి తీసేస్తాం" అని చాలామంది అంటారు. సర్టిఫికెట్ వస్తుంది, నిజమే. మరుసటి రోజు ఆ కుర్చీ మళ్ళీ అక్కడికే వస్తుంది. కుర్చీలకూ కుండీలకూ పెరట్లో మరో శాశ్వతమైన చోటు చూపించి, కంచె బయట 900 వెడల్పున నేల మీద రాళ్ళు పరచి వదిలేయండి. రాళ్ళ మీద ఎవరూ కుర్చీ వేసుకోరు. మా పెరట్లో తులసి కుండీ ఇప్పుడు వంటింటి కిటికీ కింద ఉంది. పొద్దున్నే నీళ్ళు పోయడానికి ఆవిడకూ అదే దగ్గర.

ఊచల మధ్య చేయి దూరే కంచెకు లోపలివైపు కూడా ఒక హద్దు ఉంది. పూల్ వైపు కంచెకు 300 మిల్లీమీటర్ల లోపు కాలు పెట్టుకునే వస్తువులు ఉండకూడదు. ఈత బోర్డులు, గాలి బంతులు నింపిన పెట్టెను మనవారు సరిగ్గా అక్కడే పెడతారు.

6. పక్కింటితో ఉమ్మడి కంచె

పక్కింటివారు తమ వైపు ఏం పెట్టుకుంటారో మన చేతిలో లేదు. అందుకే సరిహద్దు కంచె పూల్‌కు అడ్డుగా నిలవాలంటే ఎత్తు 1800 మిల్లీమీటర్లు ఉండాలి, అదీ పూల్ వైపు నుంచి కొలిచినప్పుడు. 900 హద్దు కూడా ఇక్కడ తిరగబడుతుంది: పూల్ వైపు, పై అంచు నుంచి కిందికి 900 మేర పట్టు దొరక్కూడదు. అటు నుంచి ఎక్కిన పిల్లవాడికి ఇటు దిగడానికి మెట్టు ఉండకూడదన్నది ఇందులోని ఆలోచన.

చెక్క పలకల కంచెలో అడ్డదూలాలు మీ వైపు ఉంటే ఇక్కడ చిక్కు వస్తుంది. కంచె పీకనక్కర్లేదు. పై 900లో ఉన్న దూలం మీద 60 డిగ్రీల వాలున్న చెక్క పట్టీ బిగిస్తే కాలు జారిపోతుంది. లేదా ఆ మేర నున్నటి రేకు కొట్టించండి. కంచె ఉమ్మడిది కాబట్టి మేకు కొట్టేముందు పక్కింటివారికి ఒక మాట చెప్పండి. కంచెకు కట్టిన మొక్కల జాలీ, తీగలు, షవరు గొట్టం ఇవన్నీ మెట్లే.

7. గేటు

కంచె ఎంత బాగున్నా రోజూ కదిలేది గేటు ఒక్కటే కాబట్టి చెడేదీ అదే. వరుసగా ఇవి చూడండి.

గేటు పూల్‌కు దూరంగా, బయటివైపుకు తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునేదైతే పిల్లలు ఒరిగితే చాలు, గడియ సరిగా పడని రోజున తెరుచుకుంటుంది.

గడియ విడిపించే మీట నేల నుంచి 1500 మిల్లీమీటర్ల ఎత్తున ఉండాలి. దాని కింద కాలు మోపగల కడ్డీ ఉంటే ఆ కడ్డీ నుంచి కూడా కనీసం 1400 ఉండాలి. అయస్కాంతపు గడియ కర్ర ఎత్తుగా ఉండి, పై గుండీని లాగితే తెరుచుకునే మ్యాగ్నా లాచ్ తరహావి ఇందుకే ఎక్కువగా వాడతారు. గడియ అంతకన్నా కింద ఉంటే అది పూల్ వైపే ఉండాలి, గేటు పై అంచుకు కనీసం 150 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి, చుట్టూ 450 మిల్లీమీటర్ల మేర వేలు దూరని అడ్డం ఉండాలి. ఇంత తంటా కంటే ఎత్తైన గడియ కొనుక్కోవడమే సులువు.

ఇప్పుడు అసలు పరీక్ష. గేటును పూర్తిగా తెరిచి, ఆపి, చేయి తీసేయండి. తోయకండి. తనంత తాను మూసుకుని గడియ పడాలి. తరువాత సగానికి తెరిచి వదలండి. తరువాత గడియకు ఆనేంత దగ్గర, నాలుగు వేళ్ళ సందున ఆపి వదలండి. చాలా గేట్లు ఈ మూడవ పరీక్షలోనే ఓడిపోతాయి. పూర్తిగా తెరిచినప్పుడు విసురుగా వచ్చి పడే గేటుకు, నాలుగు వేళ్ళ దూరంలో గడియను నెట్టుకుని పడేంత ఊపు ఉండదు. పిల్లవాడు బంతి కోసం బయటికొచ్చి గేటును దగ్గరగా వేసి వెళ్ళిపోయినప్పుడు గేటు నిలిచేది సరిగ్గా అక్కడే. మూడు చోట్లా మూడేసిసార్లు, మొత్తం తొమ్మిదిసార్లు వదిలి చూడండి. తొమ్మిదికి తొమ్మిదీ పడాలి. గడియ పడ్డాక మీటను ముట్టుకోకుండా గేటును లాగండి, పైకెత్తండి, కుదిపి చూడండి. ఊడిరాకూడదు.

గేటు ఓడిపోతే ముందుగా బందుల్లో స్ప్రింగు బిగువు చూడండి. చాలా రకాల బందులకు పైన స్క్రూడ్రైవరు పెట్టే గాడి ఉంటుంది. దాన్ని ఒక్కొక్క మెట్టు బిగిస్తూ ప్రతిసారీ పరీక్షించండి. ఒకేసారి బిగించేస్తే గేటు వేళ్ళు నలిగేంత వేగంగా వచ్చి పడుతుంది. గడియలో దుమ్ము, సాలెగూడు ఉంటే తుడిచి సిలికాన్ స్ప్రే కొట్టండి. వంటనూనె, గ్రీజు వద్దు, ఇసుకను పట్టేస్తాయి.

బిగువు సరిగా ఉన్నా గడియ తగలకపోతే రసమట్టం తీసి గుంజకు ఆనించండి. మెల్‌బోర్న్ పడమటి వైపున ఉన్నది అగ్నిశిలల నుంచి వచ్చిన బంకమట్టి. మన నల్లరేగడి ఎలా ఎండకు పగుళ్ళిచ్చి వానకు ఉబ్బుతుందో ఇదీ అంతే. ఆగస్టులో నిటారుగా ఉన్న గుంజ ఫిబ్రవరి నాటికి ఒరుగుతుంది, గడియ నాలుక తన గూటిని తప్పి అంగుళం పైనో కిందో నిలుస్తుంది. మా గేటు రెండవ తనిఖీలో పోయింది ఈ కారణానికే. గుంజను కాస్త లోతుగా, వెడల్పైన కాంక్రీటు దిమ్మతో మళ్ళీ పాతించి, ఎత్తు సర్దుకునే రకం గడియ పెట్టించాక ఆ బాధ తీరింది. మీదీ అలాంటి నేలే అయితే చలికాలం చివర ఒకసారి, వేసవి చివర ఒకసారి తప్పకుండా మట్టం చూసుకోండి.

8. ఇంటి గోడ, కిటికీలు, తలుపులు

పూల్ వైపు తెరుచుకునే కిటికీ అడుగు భాగం పూల్ వైపు నేల నుంచి 1800 మిల్లీమీటర్ల లోపు ఉంటే, ఆ కిటికీ 100 మిల్లీమీటర్లకు మించి తెరుచుకోకుండా అడ్డు బిగించాలి. లేదా స్క్రూలతో గట్టిగా బిగించిన కడ్డీలనో, జాలీనో పెట్టాలి. దోమతెర దీనికి పనికిరాదు. పనిముట్టు లేకుండా ఊడివచ్చేది ఏదీ లెక్కకు రాదు.

కొత్త తరగతి పూల్‌కు ఇంట్లోంచి నేరుగా తలుపు ఉండకూడదని ముందే చెప్పాను. వెనుక వరండాకూ పూల్‌కూ మధ్య మరొక కంచె, గేటు ఉండాలి. గరాజు వెనుక తలుపును చాలామంది మరచిపోతారు, అదీ ఇంటి తలుపే. పాత తరగతి పూల్స్‌లో అనుమతించిన తలుపుకైనా తనంత తాను మూసుకుని గడియ పడే ఏర్పాటు ఉండాలి. అది రోజూ వాడే తలుపు కాబట్టి అందరికీ విసుగు పుట్టి, చివరికి ఎవరో ఒకరు స్ప్రింగు విప్పేస్తారు. వీలుంటే మధ్యలో కంచె వేయించుకోమనే నా సలహా.

9. మరమ్మతులు, ఇన్‌స్పెక్టరు, సర్టిఫికెట్

బందు బిగించడం, గడియ మార్చడం, కుండీ తీయడం మీరే చేసుకోవచ్చు. కొత్త కంచె వేయాలన్నా, ఉన్న దాన్ని మార్చి కట్టాలన్నా పని మొదలు పెట్టేముందు బిల్డింగ్ పర్మిట్ సంగతి అడగండి. కొత్త పూల్ అయితే కంచె నిలబడక ముందు నీళ్ళు నింపకండి.

మీ తనిఖీ పూర్తయ్యాక నమోదైన బిల్డింగ్ సర్వేయరునో, పూల్ ఇన్‌స్పెక్టరునో పిలిపించండి. గడువుకు కనీసం రెండు మూడు నెలల ముందు పిలవడం మంచిది, ఎందుకంటే లోపాలు దొరికితే సరిచేసుకోవడానికి 60 రోజుల వరకు గడువు ఇవ్వగలరు, ఆపైన మళ్ళీ వచ్చి చూడాలి. అంతా సరిగా ఉంటే ఫారం 23 అనే సర్టిఫికెట్ ఇస్తారు. ఇక్కడ చాలామంది ఆగిపోతారు. సర్టిఫికెట్ తీసుకుని సొరుగులో పెడితే పని అయినట్టు కాదు, దాన్ని 30 రోజులలోపు మీరే కౌన్సిల్‌కు దాఖలు చేయాలి. లోపాలు సరిచేయకపోతే ఇన్‌స్పెక్టరు ఫారం 24 ఇస్తారు, అది కౌన్సిల్‌కు చేరుతుంది. సర్టిఫికెట్ నాలుగేళ్ళకు ఒకసారి మళ్ళీ తీసుకోవాలి. తేదీని ఫోనులో ఇప్పుడే పెట్టుకోండి.

అద్దె ఇంట్లో ఉంటే

కంచె ప్రమాణానికి సరిపోయేలా ఉంచడం యజమాని పని. గేటు మూసి ఉంచడం, కంచె పక్కన వస్తువులు పెట్టకపోవడం మీ పని. గడియ పడటం లేదని గమనిస్తే ఏజెంటుకు ఫోనులో చెప్పి ఊరుకోకుండా, ఫొటో జతచేసి ఈమెయిల్ పంపండి. ఇల్లు తీసుకునే ముందే సర్టిఫికెట్ ప్రతి అడగడం ఇంకా మేలు.

ఎక్కువగా చూసే పొరపాట్లు

అన్నిటికన్నా పెద్దది, గేటుకు ఇటుక అడ్డం పెట్టడం. పుట్టినరోజు పార్టీలు, సీమంతాలు జరిగేటప్పుడు పళ్ళేలు పట్టుకుని అటూ ఇటూ తిరగాలి కాబట్టి ఎవరో ఒకరు గేటుకు కుర్చీ ఆనిస్తారు. పదిహేనుమంది పిల్లలు పరుగులు తీసే రోజున, పెద్దవారంతా మాటల్లో ఉన్న వేళ, గేటు తెరిచి ఉంటుంది. అలాంటి రోజున వంట, వడ్డన పూల్ కంచెకు బయటే పెట్టుకోండి. లోపలికి వెళ్ళవలసి వస్తే గేటు దగ్గర ఒక పెద్దమనిషిని, పేరు పెట్టి, అరగంటకు ఒకరు చొప్పున నిలబెట్టండి. "అందరం చూస్తూనే ఉన్నాం" అన్నచోట ఎవరూ చూడరు.

రెండవది, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు గేటు సంగతి చెప్పకపోవడం. ఆరు నెలలు మనవల్ని చూసుకునేది వారే. వేసవి ఎండకు పూల్ పక్కన చప్టా బాగా కాలుతుంది, వడియాలు పెట్టడానికి దానికి మించిన చోటు లేదని మా అత్తగారికి రెండో రోజే తెలిసిపోయింది. రెండు చేతులా పళ్ళేలు ఉంటాయి కాబట్టి గేటును చెప్పుతో ఆపి వెళ్ళేవారు. తప్పు ఆవిడది కాదు, గేటు ఎందుకు తనంత తాను మూసుకుంటుందో చెప్పని మాది. వచ్చిన మొదటి రోజే పెద్దవారిని గేటు దగ్గరకు తీసుకువెళ్ళి, పురికొసతో సహా చూపించండి. వడియాలకు మరో చోటు చూపించడం మరవకండి.

మూడవది, పిల్లలకు గడియ తీయడం నేర్పడం. ఆరేళ్ళవాడు తీస్తాడు, రెండేళ్ళ చెల్లెలు వాడి వెనుకే వెళుతుంది.

నాలుగవది, కంచె ఉంది కదా అని కాపలా మానేయడం. పిల్లలు నీళ్ళలో ఉన్నంతసేపూ ఒక పెద్దమనిషి చేయి చాపితే అందేంత దగ్గరలో, ఫోన్ పక్కన పెట్టి కూర్చోవాలి. ఊపిరి ఆడని వారికి చేసే సీపీఆర్ బొమ్మల చార్టు కంచెకు లోపలివైపు కనిపించేలా తగిలించండి. అత్యవసర నంబరు 000 అని ఇంట్లో పెద్దవారికి కూడా తెలిసి ఉండాలి, ఇక్కడ 108 పనిచేయదు.

సిడ్నీ, బ్రిస్బేన్ వారికి

న్యూ సౌత్ వేల్స్‌లో 1992 నాటి స్విమ్మింగ్ పూల్స్ చట్టం వర్తిస్తుంది. పూల్‌ను రాష్ట్ర రిజిస్టరులో నమోదు చేయాలి, సీపీఆర్ చార్టు అక్కడ చట్టప్రకారం తప్పనిసరి, సర్టిఫికెట్ మూడేళ్ళు చెల్లుతుంది. ఇల్లు అమ్మేటప్పుడు, అద్దెకిచ్చేటప్పుడు ఆ పత్రం అడుగుతారు. క్వీన్స్‌లాండ్‌లో ఒక్క కుటుంబం వాడే పూల్‌కు సర్టిఫికెట్ రెండేళ్ళు, అపార్ట్‌మెంట్లలో ఉమ్మడిగా వాడే పూల్‌కు ఏడాది మాత్రమే చెల్లుతుంది. 1200, 900, 100 కొలతలు అక్కడా పనికొస్తాయి.

నెలకు ఒకసారి చూసుకోవలసినవి

ఈ పనికి పది నిమిషాలు చాలు. ఏదో ఒక తేదీ పెట్టుకోండి. కరెంటు బిల్లు కట్టే రోజైతే గుర్తుంటుంది.

1. గేటును మూడు చోట్ల నుంచి వదిలి గడియ పడుతోందో లేదో చూడండి. గాలి వీస్తున్న రోజున ఒకసారి, వాన వెలిశాక ఒకసారి అదనంగా చూస్తే ఇంకా నయం.
2. పురికొస పట్టుకుని కంచె బయట ఒక చుట్టు తిరగండి. కొత్తగా చేరిన వస్తువులు, పెరిగిన కొమ్మలు తీసేయండి.
3. కంచె అడుగున, గేటు అడుగున చెక్కముక్క దూర్చి చూడండి.
4. ప్రతి గుంజనూ చేత్తో కుదపండి. కదిలితే మొదట్లో తుప్పు ఉందేమో, కాంక్రీటు పగిలిందేమో చూడండి.
5. కిటికీ అడ్డుల స్క్రూలు వదులయ్యాయేమో చూడండి.
6. తేదీ కనిపించేలా గేటు ఫొటో ఒకటి తీసి దాచండి. నాలుగేళ్ళ తరువాత ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు గుంజ ఏ నెలలో ఒరగడం మొదలైందో ఆ ఫొటోలే చెబుతాయి.

పురికొసను మాత్రం గేటు పక్కనే, పెద్దవారి చేతికి అందే ఎత్తున ఒక మేకుకు తగిలించి ఉంచండి. సొరుగులో పెడితే మరుసటి నెల దొరకదు.